తండ్రి పేరు తప్పుపడిన తెల్ల ద్రాక్ష: హెర్మన్ ముల్లర్-తుర్గావ్ జీవితం

మా సంఘం సభ్యుల్లో సగానికి పైగా మందు ముట్టనివారే. పెళ్ళి విందులో పక్క బల్ల మీద సీసా కనిపించినా కుర్చీ జరుపుకుని కూర్చునే పెద్దలున్నారు. అలాంటప్పుడు వైను చేసే ద్రాక్ష గురించి, ఆ ద్రాక్షను పుట్టించిన మనిషి గురించి ఇక్కడ ఎందుకు రాస్తున్నారని ఎవరైనా అడిగితే మేము తప్పుపట్టం. ఈ కథ తాగుడు గురించి కాదు. ఒక పేరు గురించి, ఒక రికార్డు గురించి. ఇంటిపేరు పొట్టి అక్షరమైపోయి, తండ్రి పేరు ఇంటిపేరై, బడి సర్టిఫికెట్‌లో ఒకటి, రేషన్ కార్డులో ఒకటి రాయించుకుని తిరిగే మన ఇళ్ళవాళ్ళకు ఇది పరాయి కథ అనిపించదు. పైగా ఈయనే పులియని ద్రాక్షరసాన్ని సీసాలో నిలవ పెట్టడం ఎలాగో జనానికి నేర్పినవాళ్ళలో ఒకడు. కనుక మందు ముట్టనివారు కూడా నిశ్చింతగా చదవవచ్చు.

స్విట్జర్లాండ్‌కు ఈశాన్యం మూలన తుర్గావ్ అని ఒక చిన్న రాష్ట్రం ఉంది. దాని ఒడ్డునే బోడెన్ సరస్సు. అవతలి ఒడ్డు జర్మనీ. ఆ సరస్సు పక్కన టేగర్‌విలెన్ అనే ఊళ్ళో 1850 అక్టోబర్ 21న హెర్మన్ ముల్లర్ పుట్టాడు. తండ్రి రొట్టెలు కాల్చి అమ్మేవాడు. ఊరి చుట్టూ ద్రాక్ష తోటలు. అటు పిండి పులియడం, ఇటు ద్రాక్షరసం పులియడం, రెండూ కళ్ళముందే చూస్తూ పెరిగిన పిల్లవాడన్నమాట.

ముల్లర్ అంటే జర్మన్ భాషలో పిండిమర ఆడించేవాడు. ఆ భాష మాట్లాడే జనంలో ఇంతకన్నా ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు మరొకటి లేదు. ఏ ఊళ్ళో చూసినా ముల్లర్లే, ఏ కాలేజీలో చూసినా ముల్లర్లే. పెద్దయ్యాక శాస్త్రవేత్తగా వ్యాసాలు రాయడం మొదలుపెట్టినప్పుడు ఈయనకు అదే ఇబ్బంది అయింది. ఫలానా వ్యాసం రాసిన ముల్లర్ ఏ ముల్లర్? అందుకని తన పేరు వెనక సొంత రాష్ట్రం పేరు తగిలించుకుని ముల్లర్-తుర్గావ్ అయ్యాడు. ఇది చదివినప్పుడు మాకు నవ్వొచ్చింది. కొండపల్లివారు, నూజివీడువారు, బెజవాడవారు చేసిన పని ఇదే కదా. ఊరు వదిలి వచ్చినవాడికే ఊరి పేరు ఇంటిపేరవుతుంది. ఉన్న ఊళ్ళోనే ఉన్నవాడికి దానితో పనేముంది?

చదువు సంగతి త్వరగా చెప్పుకుందాం. మొదట ఉపాధ్యాయ శిక్షణ పొంది, ఇరవై నిండీ నిండకముందే కొంతకాలం పిల్లలకు పాఠాలు చెప్పాడు. తర్వాత జ్యూరిక్‌లోని పాలిటెక్నిక్‌లో ప్రకృతి శాస్త్రాలు చదివాడు. అక్కడి నుంచి జర్మనీలోని వుర్ట్స్‌బుర్గ్ వెళ్ళి, మొక్కల శరీరధర్మ శాస్త్రానికి ఆ రోజుల్లో పెద్ద దిక్కయిన జూలియస్ సాక్స్ దగ్గర చేరి 1874లో డాక్టరేట్ తీసుకున్నాడు. మొక్క ఎలా తింటుంది, ఎలా ఊపిరి తీస్తుంది, చక్కెర ఎక్కడ తయారై ఎక్కడికి పోతుంది అనే ప్రశ్నలకు ప్రయోగం చేసి జవాబు రాబట్టడం సాక్స్ పద్ధతి. శిష్యుడికి అది జీవితాంతం వదల్లేదు.

1876లో రైన్ నది ఒడ్డున గైజన్‌హైమ్‌లో ఉద్యోగం వచ్చింది. ద్రాక్ష, పండ్ల తోటల కోసం అక్కడ ఒక పరిశోధన సంస్థ పెట్టి అప్పటికి నాలుగేళ్ళే అయింది. మొక్కల శరీరధర్మ విభాగం ఈయన చేతికి అప్పగించారు. అప్పటికి ఆయనకు ఇరవై ఆరేళ్ళు నిండలేదు.

ఆ కాలం ద్రాక్ష రైతులకు మంచి కాలం కాదు. అమెరికా నుంచి వచ్చిన ఫిలాక్సెరా అనే సూక్ష్మమైన పురుగు వేళ్ళను తినేసి ఫ్రాన్స్ తోటలను ఎండగట్టేస్తోంది. 1870లలో అది జర్మనీలోనూ, స్విట్జర్లాండ్‌లోనూ కనబడింది. దానికి తోడు అమెరికా నుంచే వచ్చిన బూజు తెగుళ్ళు. వీటికి ముందు నుంచీ ఉన్న కష్టం చలి. రైన్ ఒడ్డు ద్రాక్ష పండే భూమికి దాదాపు ఉత్తరపు అంచు. అక్కడ మూడేళ్ళకోసారి ఎండ చాలక గుత్తులు పుల్లగా మిగిలిపోతాయి.

రీస్లింగ్ సంగతి ఇక్కడ చెప్పాలి. తెల్ల ద్రాక్షల్లో జర్మన్లు నెత్తిన పెట్టుకునే రకం అది. పలక రాతి ఏటవాలు కొండల మీద, కింద నది నీళ్ళు మెరుస్తుంటే ఆ వేడికీ వెలుగుకూ నెమ్మదిగా పండుతుంది. పులుపూ తీపీ రెండూ గట్టిగా ఉండటంతో దాని వైట్ వైన్ పదేళ్ళు, ఇరవై ఏళ్ళు కూడా నిలవ ఉంటుంది. కానీ అది ఆలస్యంగా పండే రకం. అక్టోబర్ చివరికి గానీ కోతకు రాదు. ఈలోపు వానలు పట్టుకున్నా, చలి ముందే వచ్చినా ఆ ఏడాది రైతు నోట్లో మట్టే. దీనికి ఎదురు రకం సిల్వానర్. అదీ తెల్ల ద్రాక్షే. ముందే పండుతుంది, నమ్మకంగా కాస్తుంది. వైన్ మెత్తగా, సాధువుగా ఉంటుంది గానీ రీస్లింగ్‌కున్న వాసన, పదును దానికి లేవు.

ఒక ముచ్చట. రీస్లింగ్ పేరు చరిత్రలో మొదటిసారి కనబడేది ఏ కవి రాతలోనో, ఏ రాజు శాసనంలోనో కాదు, 1435 నాటి ఒక ఖర్చుల పద్దులో. కాట్సెన్‌ఎల్న్‌బోగెన్ జమీందారు తోట కోసం ఆ మొక్కలు కొన్నట్టు పద్దు రాశారు. సిల్వానర్ కూడా అంతే. 1659లో కాస్టెల్ జమీందారుల కోసం ఇరవై ఐదు మొక్కలు తెప్పించి నాటినట్టు రాసిన కాగితంతో అది జర్మనీ చరిత్రలోకి వచ్చింది. గుమాస్తాగిరీ చేసి రిటైరైన మాకు ఇది చదివి ఎంత తృప్తి కలిగిందో చెప్పలేం. ఆ ఇద్దరు రాతగాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు. వాళ్ళు ఆ రోజు బద్ధకించి చిల్లర ఖర్చులు అని రాసేసి ఉంటే ఈ రెండు ద్రాక్షల పుట్టుపూర్వోత్తరాలు అంతమేర ఖాళీ.

సరే. రీస్లింగ్ రుచి, సిల్వానర్ ముందరి పంట, రెండూ ఒకే తీగలో ఉంటే? ఈ ఆలోచన ముల్లర్‌కు వచ్చింది. 1882లో గైజన్‌హైమ్‌లో ఆ సంకరం చేశాడు.

ద్రాక్ష పువ్వును చాలామంది చూసి కూడా పువ్వనుకోరు. ఆవగింజంత పచ్చటి మొగ్గ. రేకులు విచ్చుకోవు, అన్నీ కలిసి టోపీలాగా పైకి ఊడి పడిపోతాయి. టోపీ ఊడగానే లోపల ఐదు కేసరాలు, మధ్యలో అండాశయం. సాగులో ఉన్న రకాల్లో ఎక్కువ భాగం పువ్వులోని పుప్పొడి ఆ పువ్వు మీదే పడి కాయ కడుతుంది. సంకరం చేయాలంటే టోపీ ఊడకముందే చిన్న పట్టకారుతో దాన్నీ, కేసరాలనూ తీసేయాలి. ఒక్కొక్క మొగ్గకూ అలా చేయాలి. తర్వాత గుత్తికి కాగితపు సంచి కట్టాలి, గాలికి వేరే పుప్పొడి వచ్చి పడకుండా. తర్వాత మనకు కావలసిన రకం పుప్పొడి తెచ్చి అద్ది మళ్ళీ సంచి కట్టాలి. ఎండాకాలం చివర గింజలు తీసి విత్తాలి. పేరు రాసిన చీటీ ప్రతి దశలోనూ కూడా ఉండాలి. గుత్తికి, గింజల పొట్లానికి, నారుమడికి, చివరకు మొక్కకు. ఆఫీసు పని తెలిసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. పని పది చేతులు మారితే చీటీ ఎక్కడో ఒకచోట జారిపోతుంది.

ఇంకో సంగతి. బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లి రాదని మన పెరట్లో చెట్లు పెంచేవాళ్ళకు తెలుసు. ద్రాక్షా అంతే. ఒకే గుత్తిలోని గింజలు కూడా తలా ఒక రకం మొక్కనిస్తాయి, ఒక తల్లి పిల్లల్లా. అందులో నచ్చినదాన్ని ఎంచుకుంటే, ఇక దాన్ని గింజతో కాదు, కొమ్మ కత్తిరించి నాటుకుంటూ పోవాలి. అంటు కట్టుకుంటూ పోవాలి. ఆ తర్వాత లోకంలో లక్షల తీగలున్నా అన్నీ ఆ ఒక్క మొక్క ముక్కలే. కనుక మొదటి మొక్కను ఎంచుకోవడంలోనే అంతా ఉంది. గింజ మొలిచి, కాపుకొచ్చి, రసం పులియబెట్టి రుచి చూసి, నాలుగైదు చలికాలాలు తట్టుకుంటుందో లేదో చూసేసరికి పదేళ్ళు పడుతుంది.

ఆ పదేళ్ళు ఆయన చేతులు ముడుచుకుని కూర్చోలేదు. మొక్కలు చలికి ఎందుకు చస్తాయో పట్టి చూశాడు. ఒట్టి చలి కాదు, లోపలి నీరు గడ్డకట్టడమే చాలా మొక్కల్ని చంపుతుందని, గడ్డకట్టే ముందు ఆ రసం సున్నాకన్నా కిందికి చల్లబడి కూడా కొంతసేపు ద్రవంగానే ఉండగలదని చూపించాడు. సంకరం చేసిన అదే 1882లో ఇంకో వ్యాసం ప్రచురించాడు. బంగాళాదుంపల్ని గడ్డకట్టే చలికి కాస్త పైన నిలవ ఉంచితే వాటిలోని పిండి చక్కెరగా మారి దుంప తియ్యబడుతుందని, తిరిగి వెచ్చటి చోట కొన్నాళ్ళు పెడితే ఆ తీపి తగ్గుతుందని ఆ వ్యాసం సారాంశం. మన ఆడవాళ్ళు ఫ్రిజ్‌లో పెట్టిన ఆలుగడ్డ వేపుడు నల్లబడిపోతోందని విసుక్కుంటారే, దానికి కారణం అదే. చిప్స్ తయారుచేసే పరిశ్రమ ఈనాటికీ ఆ సంగతి మరచిపోతే నష్టపోతుంది. ముల్లర్-తుర్గావ్ అంటే వైన్ రకం అనుకునేవాళ్ళలో నూటికి తొంభైమందికి ఈ దుంపల సంగతి తెలియదు.

1890లో జ్యూరిక్ సరస్సు ఒడ్డున వేడన్స్‌విల్‌లో స్విట్జర్లాండ్‌వాళ్ళు తమకంటూ ఒక పండ్ల, ద్రాక్ష పరిశోధన కేంద్రం, బడి పెట్టుకున్నారు. దానికి డైరెక్టర్‌గా సొంత దేశపువాడైన ముల్లర్‌ను పిలిచారు. పదిహేనేళ్ళు పరాయి దేశంలో పనిచేసినవాడికి అలాంటి పిలుపు ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. 1891లో ఆయన వెళ్ళాడు. కానీ గైజన్‌హైమ్‌లో నాటిన సంకరం మొక్కలు? వాటిని వదిలి వెళ్ళడం ఆయనకు కుదరలేదు. సుమారు నూటయాభై మొక్కలకు సంబంధించిన కొమ్మలు రైన్ ఒడ్డు నుంచి వేడన్స్‌విల్‌కు తరలివెళ్ళాయి.

అక్కడ వాటిని వరసగా నంబర్లు వేసి నాటారు. ఏడాదికేడాది చూస్తూ వచ్చారు. 58వ నంబరు మొక్క నిలబడింది. రీస్లింగ్ కన్నా వారాల ముందే పండుతోంది. గుత్తులు నిండుగా వేస్తోంది. రసంలో చక్కెర బాగుంది, పులుపు తక్కువ. వైన్‌లో పూల వాసన, దానికి మస్కట్ ద్రాక్ష వాసన కాస్త సోకినట్టుంది. కంబం లోయలో పండే పన్నీర్ ద్రాక్ష తిన్నవాళ్ళకు ఆ మస్కట్ వాసన ఏమిటో తెలుసు. ఇక్కడే ఎవరికైనా అనుమానం రావలసింది. రీస్లింగ్‌కూ సిల్వానర్‌కూ లేని ఆ మస్కట్ పోలిక బిడ్డకు ఎక్కడినుంచి వచ్చింది? అయినా రికార్డులో రీస్లింగ్, సిల్వానర్ అని ఉంది. రికార్డు ఉన్నాక మనిషి కళ్ళు దాని ప్రకారమే చూస్తాయి.

ఆ మొక్కను రైతులకు చేర్చే పని ఎక్కువగా చేసింది ఆయన సహోద్యోగి హైన్రిక్ షెల్లన్‌బెర్గ్. 1890ల చివరి నుంచి అంట్లు కట్టి పంచడం మొదలైంది. స్విస్ రైతులు దాన్ని రీస్లింగ్-సిల్వానర్ అనే పిలిచారు. డైరెక్టర్ గారు తన పేరు పెట్టుకోలేదు. గైజన్‌హైమ్‌లో ఒకప్పుడు ఆయనతో పరిచయమున్న ఔగుస్ట్ డెర్న్ అనే అధికారి 1913లో నూరు మొక్కల్ని జర్మనీకి తీసుకుపోయి అక్కడ వాటికి ముల్లర్-తుర్గావ్ అని పేరు పెట్టాడు. చూడండి ఈ తీగ ప్రయాణం. జర్మనీలో పుట్టి, స్విట్జర్లాండ్‌లో పెరిగి, ఇరవై రెండేళ్ళ తర్వాత పుట్టిన దేశానికి తిరిగి వస్తే అక్కడ దాన్ని స్విస్ జిల్లా పేరుతో పిలిచారు. ఊరు మారితే మనం ఎవరమో చెప్పేది ఎదుటివాళ్ళే. చెన్నైలో మనం తెలుగువాళ్ళం, విజయవాడ వెళితే అరవదేశంవాళ్ళం.

ఆ తర్వాత సరిహద్దు కాగితాలు, అనుమతులు రైతులకు నచ్చలేదో ఏమో, 1925లో బోడెన్ సరస్సు మీద రాత్రివేళ పడవలో కొన్ని వందల మొక్కలు స్విస్ ఒడ్డు నుంచి జర్మన్ ఒడ్డుకు దొంగచాటుగా దాటాయి. హాగ్నావ్ ఊరి తోటల్లో అవి నాటుకున్నాయి. ఆ ప్రాంతంవాళ్ళు ఈ దొంగతనాన్ని ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటారు. ముల్లర్ పుట్టిన ఊరు అదే సరస్సుకు ఇవతలి ఒడ్డు.

వేడన్స్‌విల్‌లో ఆయన ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాడు. మాకు ఆయన జీవితంలో అన్నిటికన్నా గౌరవం కలిగించింది ఈ కాలమే. ద్రాక్ష ఆకుల మీద ఈనెల మధ్య ఎర్రగా, గోధుమరంగుగా మంట తగిలినట్టు మచ్చలు వచ్చే తెగులు ఒకటుంది. ఎండ దెబ్బ అనుకుని రైతులు చేతులెత్తేసేవారు. అది ఒక శిలీంధ్రం పని అని 1903లో ఆయన గుర్తించి దానికి పేరు పెట్టాడు. కారణం తెలిస్తే గానీ మందు తెలియదు కదా. పులియబెట్టడానికి గాలిలోంచి ఏ ఈస్ట్ వచ్చి పడితే దాన్నే నమ్ముకోకుండా, ఎంచి పెంచిన మంచి ఈస్ట్ వాడమని ముందుగా చెప్పినవాళ్ళలో ఆయన ఒకడు.

వైన్‌లో బాక్టీరియా ఉంటే అది చెడిపోయినట్టే అనే నమ్మకం అప్పటిది. కానీ చలిదేశపు పుల్లటి వైన్ వసంతకాలంలో పీపాలో ఉన్నట్టుండి కాస్త నురగ కట్టి, తర్వాత మెత్తబడటం రైతులు ఎరుగుదురు. ముల్లర్-తుర్గావ్, ఆయన సహచరుడు ఆస్టర్‌వాల్డర్ కలిసి 1913లో ఆ సంగతి విప్పి చెప్పారు. కొన్ని బాక్టీరియాలు ఆపిల్‌లో ఉండే లాంటి కరకు పులుపును పెరుగులో ఉండే మెత్తటి పులుపుగా మారుస్తాయి. అవి శత్రువులు కావు, సమయం చూసి రానిస్తే మిత్రులు. తోడు వేసి పెరుగు చేసుకునే మనకు ఇందులో వింతేమీ లేదు. అక్కడ మాత్రం అది పెద్ద మార్పు. ఈనాడు ప్రపంచంలో దాదాపు ఎర్ర వైన్లన్నీ, తెల్లవాటిలో షార్డొనే లాంటివి చాలామటుకు ఆ రెండో పులియడం జరిగాకే సీసాలోకి వెళతాయి.

ఇక మేము మొదట చెప్పిన రసం సంగతి. 1880లలో స్విట్జర్లాండ్‌లో సారా తాగుడు ఇళ్ళను ముంచేస్తుండేది. దాన్ని అదుపు చేయడానికి దేశం రాజ్యాంగాన్నే సవరించి, 1887లో చట్టం తెచ్చింది. పండ్ల తోటలు ఎక్కువున్న చోట మిగిలిపోయిన పండంతా పులిసి మందవుతుంది. పులియకుండా ఆపగలిగితే? పాశ్చర్ చూపిన దారిలో, రసాన్ని సీసాలో పెట్టి మరగకుండా తగిన వేడి మాత్రమే ఇస్తే ఈస్ట్ చచ్చిపోతుంది, రుచి పోదు. దాన్ని ఇంట్లోనూ, కార్ఖానాలోనూ ఎలా చేయాలో వివరిస్తూ 1896లో ఆయన ఒక పుస్తకం వేశాడు. వైన్ పాఠాలు చెప్పే సంస్థ డైరెక్టరే తాగనివాళ్ళ పక్షాన పుస్తకం రాయడం కొందరికి విడ్డూరంగా కనిపించి ఉండవచ్చు. మాకు మాత్రం అందులో విరుద్ధం కనబడలేదు. పండు రైతుది. అది మందు కావాలా, పిల్లలు తాగే రసం కావాలా అనేది కొనేవాళ్ళ ఇష్టం. రెండు దారులూ తెరిచిపెట్టడం శాస్త్రవేత్త పని.

1924లో, 74వ ఏట, ఆయన పదవి దిగాడు. 1927 జనవరి 18న వేడన్స్‌విల్‌లోనే కన్నుమూశాడు. అప్పటికి ఆయన పేరు పెట్టుకున్న ద్రాక్ష ఇంకా చిన్నదే.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత అది విజృంభించింది. శిథిలమైన ఊళ్ళు, డబ్బు లేని రైతులు. ముందే పండే, విరగకాసే, కొండ ఏటవాలు అక్కర్లేని తీగ దొరికితే ఎవరు కాదంటారు? బంగాళాదుంపలు, బీట్‌రూట్ వేసుకునే చదును భూముల్లో కూడా నాటారు. 1970లలో రీస్లింగ్‌ను దాటి జర్మనీలో అన్నిటికన్నా ఎక్కువ విస్తీర్ణంలో ఉన్న ద్రాక్ష అయింది. ఒక దశలో అక్కడి తోటల్లో దాదాపు నాలుగో వంతు ఇదే. లక్సంబర్గ్‌లో రివానర్ పేరుతో, ఆస్ట్రియాలో, హంగరీలో, ఇంగ్లండ్‌లో పాకింది. న్యూజిలాండ్‌లో కూడా కొన్నేళ్ళు అదే పెద్ద రకం. దాన్ని తల్లిగానో తండ్రిగానో పెట్టి బాకస్, ఆర్టెగా లాంటి కొత్త తెల్ల ద్రాక్షలు పుట్టించారు.

విరగకాయడమే దాని పాలిట శాపమైంది. ఎకరాకు ఎంత పిండితే అంత ఇస్తుంది గానీ, ఎక్కువ పిండినకొద్దీ రసం నీళ్ళవుతుంది. ఆ పలచటి వైన్‌లో తీపి కలిపి లీబ్‌ఫ్రౌమిల్క్ పేరుతో కారుచౌకగా ఎగుమతి చేశారు. లోకం జర్మన్ వైట్ వైన్ అంటే ఇంతే అనుకుంది. రుచి తెలిసిన రాతగాళ్ళు ముల్లర్-తుర్గావ్ పేరు చెబితే ముఖం చిట్లించడం మొదలుపెట్టారు. న్యూజిలాండ్ ప్రభుత్వం 1980ల నడుమ డబ్బిచ్చి మరీ తీగలు పెరికించింది. వాటి చోట సావిన్యోఁ బ్లాంక్ వేసి ఆ దేశం పేరు తెచ్చుకుంది. జర్మనీలోనూ 1990లలో రీస్లింగ్ మళ్ళీ మొదటి స్థానానికి వచ్చింది. ఒక మనిషి నలభై ఏళ్ళు మొక్కల గురించి నిజాలు వెతికితే, చివరికి ఆయన పేరు చౌక సీసా మీద తిట్టుపదమైంది. తప్పు తీగది కాదు. ఉత్తర ఇటలీలో వెయ్యి మీటర్ల ఎత్తు కొండల మీద, గుత్తులు తగ్గించి జాగ్రత్తగా పండించినచోట ఇదే ద్రాక్ష చక్కటి వైన్ ఇస్తోంది.

అసలు సంగతి అప్పుడే బయటపడింది. డీఎన్‌ఏ పరీక్షలు ద్రాక్షలకు కూడా వచ్చాక, 1990ల చివరలో ఈ తీగ వంశం పట్టి చూశారు. తల్లి రీస్లింగ్, నిజమే. తండ్రి సిల్వానర్ కాదు. మొదట షాస్లా జాతి రకం అనుకున్నారు. మరింత జాగ్రత్తగా చూస్తే మడ్‌లెన్ రొయాల్ అని తేలింది. అది వైన్ ద్రాక్షే కాదు. ఫ్రాన్స్‌లో పుట్టిన తెల్లటి తినే పండు. జూలై చివర మేరీ మగ్దలీన్ పండుగ నాటికే పండుతుందని ఆ పేరు. ముందే పండే గుణం బిడ్డకు వచ్చింది, కానీ వచ్చింది ఆయన అనుకున్న ఇంటినుంచి కాదు. సంచి కట్టకముందు గాలికి ఒక రేణువు పడినా చాలు, పొట్లం మీది చీటీ మారినా చాలు. నూరేళ్ళకు పైగా పాఠ్యపుస్తకాలు, లేబుళ్ళు, ప్రభుత్వ రిజిస్టర్లు అన్నీ తప్పు తండ్రి పేరే మోశాయి.

మా ఉద్యోగ కాలంలో ఒక తోటి ఉద్యోగి సర్వీసు పుస్తకంలో తండ్రి పేరు ఒక అక్షరం తప్పుపడింది. కన్నడంలో రాసుకునేటప్పుడు ఎవరో పొరపడ్డారు. ముప్పై మూడేళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. పెన్షన్ రోజున పట్టుకుంది. తండ్రి ఎవరో ఊరంతటికీ తెలుసు, కాగితానికి మాత్రం తెలియదు. దిద్దించడానికి పద్నాలుగు నెలలు పట్టింది. అందుకే ఈ ద్రాక్ష కథ చదివినప్పుడు ముల్లర్ మీద మాకు కోపం రాలేదు. ఆయన దగ్గర సూక్ష్మదర్శిని ఉంది, పట్టకారు ఉంది, చీటీ ఉంది. డీఎన్‌ఏ లేదు. కావాలని ఏమీ రాయలేదు. నిజాయితీగా రాసిన తప్పు అది. దాన్ని పట్టుకున్నది కూడా ఆయన బతుకంతా నమ్మిన ప్రయోగశాలే.

తెల్ల ద్రాక్ష మనకూ కొత్తది కాదు. ముల్లర్ వేడన్స్‌విల్ వెళ్ళిన రోజుల్లోనే, 1890 ప్రాంతంలో, హైదరాబాదులో అబ్దుల్ బాఖర్ ఖాన్ అనాబ్-ఎ-షాహిని నాటించారు. ఆ పండు తర్వాత కర్ణాటక పందిళ్ళకూ పాకింది. నాసిక్ దగ్గర ఇరవై ఐదేళ్ళుగా సావిన్యోఁ బ్లాంక్, షెనాఁ బ్లాంక్ వైట్ వైన్లు తయారవుతున్నాయి. మహారాష్ట్ర సభ్యులు ఆ తోటల పక్కగానే బస్సులో వెళుతుంటారు.

తండ్రి పేరు తేలిపోయి పాతికేళ్ళు దాటింది. స్విట్జర్లాండ్‌లో ఆ వైన్ ఇప్పటికీ ఎక్కువగా పాత పేరుతోనే దొరుకుతుంది. సీసా మీద రీస్లింగ్-సిల్వానర్ అనే ఉంటుంది.